కారం మిల్లు పక్కిల్లు

ఆ పూట కుటుంబరావు మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, ఉతికిన ధోవతి కట్టుకుని, పంచాయతీ ఆఫీసులో ఒక అర్జీ ఇచ్చి, వస్తూ వస్తూ తోటకూర కొనుక్కురావడం. తోటకూర సంగతి భార్య ప్రసూనాంబ చెప్పింది. అర్జీ సంగతి ఆయనే అనుకున్నాడు. ఈ రెంటిలో తోటకూర ఒక్కటే సవ్యంగా జరిగింది.

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే బస్సులు కాస్త ఆగి వెళ్లే ఊరు గుమ్మడిపాలెం. ఊళ్లోకి ఎస్టీడీ బూతు వచ్చిన కొత్త. చుట్టూ మిరపచేలు. కుటుంబరావు తండ్రి కిరాణా కొట్టు శెట్టిగారు. కొడుక్కి మాత్రం తక్కెడ కన్నా సుద్దముక్క నచ్చింది. రిటైరయ్యాక ప్రశాంతంగా ఉంటుందని ఊరి చివర ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాటి తోరణాలు ఎండక ముందే పక్క స్థలంలో కొండలరావు కారం మిల్లు పెట్టాడు.

ఎండలు ముదిరి కాయలు కల్లాల నుంచి వచ్చాయంటే ఇక నాలుగు నెలలు మిల్లు ఆగదు. దండెం మీద తెల్లచీర సాయంత్రానికి ఎర్రచీర అయ్యేది. చీర ఎలాగైనా పోనీ, ప్రసూనాంబకు ఉబ్బసం. ఆ నాలుగు నెలలూ ఊపిరి తీసుకోవడమే ఆవిడకొక ఉద్యోగం. కిటికీలు మూసి, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ పిల్లికూతల శ్వాస పక్కగదిలోంచి వింటూ పేపరు చదవడం కుటుంబరావు వల్ల కాలేదు. "మందు నేనిస్తా, దుమ్ము మీరు ఆపుకోవాలి" అన్నాడు నందిగామ డాక్టరు.

ఆపే దారి పంచాయతీ గోడ మీదే రాసి ఉంది. ఇళ్ల మధ్య ఉన్న మరలు, గోడౌన్లు తమ దుమ్మును, చప్పుడును, వాసనను పక్క ఇళ్ల మీదికి పోనివ్వకూడదట. ఇంటి వాడకానికి వచ్చే కాయలు తప్ప వ్యాపారపు సరుకు అక్కడ పట్టకూడదట. పంచాయతీ ఈవో వరప్రసాదరావు చెడ్డవాడు కాదు. నిబంధనల కోసం ప్రాణం పెట్టే మనిషి. మనుషుల సంగతి తర్వాత.

"మీ అర్జీ న్యాయమైందండీ మాస్టారూ. బుధవారం నేనే వచ్చి చూస్తా" అన్నాడు.

"చెప్పకుండా రండి బాబూ."

"చెప్పకుండా ఎట్లా వస్తామండీ? విచారణ అన్నాక రెండు పక్షాలకీ తెలియాలి గదా. టముకు వేయిస్తా."

వేయించాడు. టముకు కొట్టే శాంతయ్య మిల్లు గుమ్మంలోనే నిలబడి, బుధవారం ఈవోగారు దుమ్ము చూడ్డానికి వస్తున్నారని ఊరంతా వినేలా చాటి, కొండలరావు ఇచ్చిన టీ తాగి మరీ వెళ్లాడు. బుధవారం వచ్చేసరికి మిల్లుకు తాళం. గుమ్మానికి మామిడాకులు, వాకిట్లో కళ్లాపి. కొండలరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొబ్బరిబొండంతో ఎదురొచ్చాడు. వరప్రసాదరావు బొండం తాగి, ముక్కు పైకెత్తి గట్టిగా గాలి పీల్చాడు.

"దుమ్మేం లేదు గదండీ?"

కుటుంబరావు ఇంట్లోకి పరుగెత్తి ఎర్రబారిన తువ్వాలు తెచ్చాడు. "ఇది చూడండి. పోయినవారం ఆరేస్తే ఇట్లా అయింది."

"పోయినవారం నేను విచారణకి రాలేదు గదండీ. మిల్లు నడుస్తుండగా నా కళ్లతో చూడాలి. వచ్చే బుధవారం మళ్లీ వస్తా."

"మళ్లీ టముకు వేయిస్తారా?"

"మళ్లీ విచారణైతే మళ్లీ టముకేనండి."

కుటుంబరావుకు ఒళ్లు మండిపోయింది. తాళం వేసిన మిల్లును నడిపించడం ఎలా? ఆ వారమంతా ఆలోచించగా ఆలోచించగా తండ్రిగారి కొట్టు గుర్తొచ్చింది. పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని ఆయన ఏనాడూ తిప్పి పంపలేదు. జ్వరంతో ముసుగు తన్నినా లేచి వచ్చి బోణీ చేసేవాడు. కొండలరావుకూ ఆ పట్టింపు ఉంది. బోణీకి వచ్చిన మనిషిని కాదంటే ఆ ఏడంతా మిల్లు మూలపడుతుందని గట్టి నమ్మకం. ఈవో వచ్చే పొద్దున కాయలు పట్టుకెళ్లి బోణీ అంటే తాళం తీయక ఏం చేస్తాడు? దుమ్ము పోవాలంటే ముందు దుమ్ము లేవాలి. ఈ ఆలోచన తనకే వచ్చినందుకు మాస్టారు తన్ను తాను మెచ్చుకున్నాడు. అక్కడే పొరపాటు పడ్డాడు.

కిలో కాయలు తీసుకెళితే ఈవో వచ్చేలోపే పట్టడం అయిపోతుంది. అందుకని బస్సెక్కి వత్సవాయి వెళ్లి, తెలిసిన రైతు రత్తయ్యను రెండు బస్తాలు అడిగాడు.

"రెండు బస్తాలా? ఇంట్లో ఉండేది మీరిద్దరేగా మాస్టారూ!"

రత్తయ్య ఏటా కాయలు పట్టించేది కొండలరావు దగ్గరే. అసలు సంగతి చెబితే సాయంత్రానికి మిల్లుకు చేరుతుంది. "మనవాళ్లెవరో అడిగారులే, అమ్మిపెడదామని" అన్నాడు కుటుంబరావు.

రత్తయ్య ముఖం విప్పారింది. "అట్లా చెప్పండి! శెట్టిగారి రక్తం ఎక్కడికి పోద్దండీ?"

మంగళవారం పొద్దున ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. వెనక తగిలించిన ట్రక్కు నిండా బస్తాలు. "మిర్చి యార్డులో ధర పడిపోయిందండీ. మీరు వ్యాపారం పెట్టారంటే మావాళ్లంతా సంబరపడి వాళ్లవి కూడా ఎక్కించారు. అమ్మినప్పుడే డబ్బులిద్దురుగాని" అంటూ రత్తయ్య బస్తాలు దింపించేశాడు. కాదంటే కథంతా బయటపడుతుంది. ముందుగది నిండింది. పడకగది సగం నిండింది. బస్తాలు విదిలించినప్పుడల్లా ఇల్లంతా ఘాటు.

ప్రసూనాంబ పెరటి గుమ్మంలో కూలబడి, దగ్గు తెరిపిచ్చాక అడిగింది. "ఏమండీ, నాకు ఊపిరాడ్డం లేదని మిరపకాయలు తెచ్చారా?"

"ఒక్కరోజు ఓర్చుకో ప్రసూనా. రేపటితో పీడ విరగడవుతుంది."

"ఏ పీడండీ? పక్కింటిదా, మనింటిదా?"

ఆయన జవాబు చెప్పేలోపే వీధిలోంచి బసవమ్మ కేక వేసింది. సంతలో కూరగాయలమ్మే మనిషి ఆవిడ. "మాస్టారూ, కొట్టు పెట్టారంటగా! రెండు కిలోలు తూచండి." తక్కెడ లేదన్నాడు. తప్పించుకున్నాననుకున్నాడు. బసవమ్మ ఇంటికి వెళ్లి తన పాత తక్కెడ, రాళ్లు తెచ్చి వరండాలో పెట్టింది. "కొత్త వ్యాపారం. ఉంచుకోండి, పనికొస్తాయి" అంది. ఆవిడకు తూచి ఇచ్చేసరికి వెనకాల ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. పెన్షను తీసుకునే మాస్టారు ఆ సాయంత్రం దాకా మిరపకాయలు తూచాడు. తూకం బాగుందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

బుధవారం పొద్దున కొండలరావు మళ్లీ తాళం వేసి, మళ్లీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. కుటుంబరావు కూలి మనిషి చేత రెండు బస్తాలు అక్కడ దింపించాడు.

"కొండలరావూ, బోణీ."

కొండలరావు అరుగు మీంచి లేచాడు. "ఇవాళ వద్దు మాస్టారూ. రేపు పొద్దున్నే నేనే వచ్చి తీసుకెళ్తా."

"బోణీ బేరం తిప్పి పంపుతావా? నీ ఇష్టం మరి."

"మీరు వ్యాపారస్తుల ఇంట్లో పుట్టి ఇట్లా ఇరికిస్తే ఎట్లాగండీ?" కొండలరావు మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. దేవుడి పటానికి దణ్ణం పెట్టి స్విచ్చి వేశాడు. మిల్లు ఒక్కసారి రంకె వేసింది. ఎర్రటి పొగలాంటి దుమ్ము తలుపుల్లోంచి, రేకుల సందుల్లోంచి లేచింది. సరిగ్గా అప్పుడే వరప్రసాదరావు మోపెడ్ దిగి, మాట్లాడబోయి తుమ్మాడు. తుమ్మి, మళ్లీ తుమ్మాడు. ఎదుటి మనిషి తుమ్ములకు కుటుంబరావు అంతగా సంతోషపడటం అదే మొదలు. పక్కింట్లో ప్రసూనాంబ దగ్గు వినిపిస్తూనే ఉంది. ఇదే ఆఖరు అనుకుని చెవిన పెట్టలేదు.

"చూశారా బాబూ! ఇదీ వరస!"

"చూశానండీ, చూశాను." ఈవో కళ్లు తుడుచుకున్నాడు. "ఈ కాయలెవరివి?"

"మాస్టారివేనండి" అన్నాడు కొండలరావు, చేతులు కట్టుకుని. "నేనెప్పుడూ ఇంటి వాడకం కాయలే పడతానండి. వ్యాపారపు సరుకు పట్టడం ఇదే మొదలు. అదీ, వద్దంటున్నా వినకపోతే."

వరప్రసాదరావు మెల్లగా పక్కింటి వైపు నడిచాడు. వరండాలో తక్కెడ, దాని ముందు సంచీతో బసవమ్మ, లోపల కప్పు దాకా బస్తాలు.

"మాస్టారూ, ఇది ఇల్లా, కొట్టా?"

"ఇల్లేనండి!"

"మరి తక్కెడ?"

"నేనిచ్చిందేనండి, మాస్టారి వ్యాపారం వృద్ధిలోకి రావాలని" అంది బసవమ్మ, మంచి మనసుతో.

"నాకు వ్యాపారం లేదు, గీపారం లేదు" అని అరిచాడు కుటుంబరావు. "మీరు వచ్చేసరికి మిల్లు నడవాలని తెచ్చా!"

"అంటే ఈ దుమ్ము మీరే లేపించారన్నమాట" అన్నాడు వరప్రసాదరావు. ఆయన గొంతులో కోపం లేదు. నిబంధన దొరికిన తృప్తి ఉంది.

వారం తిరిగేసరికి నోటీసు వచ్చింది. నివాసంలో ఘాటు సరుకు నిలవచేసి ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించినందున సదరు ఇంటిని ఇళ్ల లెక్కలోంచి తీసేసి, కొట్ల లెక్కలో కలిపారట. కుటుంబరావు ఆఫీసుకు పరుగెత్తాడు.

"సరేనండీ, నాది తప్పే. మరి మిల్లు సంగతేంటి?"

"ఏ ఇంటికి ఇబ్బందండీ?" వరప్రసాదరావు ఓపికగా చెప్పాడు. "దుమ్ముకి హద్దు పెట్టింది ఇళ్ల కోసం. అటు పక్క పత్తి గోడౌను. ఇటు పక్క మీ కొట్టు. వెనక చేలు. ఇప్పుడక్కడ ఇల్లంటూ లేదు గదా! కొండలరావు పెద్ద మోటారుకి, వ్యాపారపు సరుక్కి అర్జీ పెడితే, కాదనడానికి కారణం కనపళ్లేదు. ఇచ్చేశాం."

"మా ఆవిడకి ఉబ్బసం బాబూ. ఆ మనిషి బతకాలి. దానికోసమే ఇదంతా."

"అయ్యో, పాపం" అన్నాడు వరప్రసాదరావు. నిజంగానే జాలిపడ్డాడు. "సరుకు ఖాళీ చేసి మళ్లీ ఇల్లని రాయించుకోండి. అప్పుడు అర్జీ ఇస్తే తప్పకుండా విచారణకి వస్తా."

సరుకు కదల్లేదు. ధర ఇంకా పడింది. రత్తయ్య మనుషులు రోజూ వచ్చి అమ్మారా, అమ్మారా అని అడిగి, మంచినీళ్లు తాగి పోతున్నారు. కొత్త మోటారు బిగించిన రోజు ప్రసూనాంబ చిన్న సంచీలో బట్టలు సర్దుకుంది. చెవిటికల్లులో చెల్లెలు శ్యామలాదేవి ఉంది. అక్కడ కృష్ణానది మీది గాలి.

"ఇల్లు వదిలి పోతావా?" అన్నాడు కుటుంబరావు.

"ఇది ఇల్లు కాదని పంచాయతీవాళ్లే రాసిచ్చారుగా" అంది ఆవిడ. కోపంగా అనలేదు. కోపానికి సరిపడా ఊపిరి లేదు.

ఆదివారం ఆయన బస్సెక్కి కంచికచర్లలో దిగి, ఆటోలో చెవిటికల్లు చేరాడు. ప్రసూనాంబ అరుగు మీద కూర్చుని చిక్కుళ్లు వలుస్తోంది. ముఖం తేటపడింది. చాలాకాలం తర్వాత ఆవిడ ఊపిరి చప్పుడు లేకుండా ఆడుతోంది. చూడగానే కుటుంబరావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గరకు వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఆవిడ నవ్వబోయి దగ్గింది. ఆగకుండా దగ్గుతూ చిక్కుళ్ల చేట పక్కకు తోసేసింది. శ్యామలాదేవి మంచినీళ్లతో పరుగెత్తుకొచ్చింది.

"బావగారూ, ఏమనుకోకండి. మీ బట్టలనిండా కారం ఘాటు. అక్కకి పడట్లేదు. కాస్త అటు జరగండి."

ఆయన అరుగు చివరికి జరిగాడు. దగ్గు ఆగలేదు. వాకిట్లోకి దిగాడు. "ఇక్కడ ఫర్వాలేదా?" అని అడిగాడు. ప్రసూనాంబ ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, రెండో చేత్తో ఇంకా అవతలికి అన్నట్టు చూపించింది. ఆయన వెనక్కి నడుస్తూ, నడుస్తూ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక గాని ఆవిడ ఊపిరి కుదుటపడలేదు.

ఈసారి హద్దు తేల్చడానికి ఏ ఆఫీసరు అవసరమూ రాలేదు.