జిప్పుల మేస్త్రి మొహమాటం

ఆ రోజు పొద్దున జిప్పుల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం షాపు ఓనరమ్మ వస్తుంది. అద్దె ఒప్పందం ఆ నెలతో అయిపోతుంది కాబట్టి కొత్త కాగితాల మీద సంతకం పెట్టాలి. ఈలోగా షాపు లెక్కలు ఒక కొలిక్కి తెచ్చుకుంటే, ఆ అద్దె తను మోయగలడో లేడో తేలిపోతుంది. పక్కనున్న బేకరీ ఆయన పెద్ద ఫ్రిజ్ పెట్టుకోవడానికి ఆ షాపు మీద ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు గనక, సంతకం ఆలస్యం కావడానికి మాత్రం వీల్లేదు.

మేస్త్రిది సూట్‌కేసులూ బ్యాగులూ బాగుచేసే షాపు. ఊడిన చక్రాలు, విరిగిన పిడులు, పళ్లు రాలిన జిప్పులు అన్నీ ఆయన చేతిలో పడి దారికొచ్చేవి. పనికి వంక పెట్టినవాళ్లు లేరు. చిక్కంతా డబ్బు అడగడంలోనే ఉంది. చిన్న పని చేయించుకున్నవాళ్లు "ఎంతండీ?" అంటే, అడిగింది తనను కాదన్నట్టు వీధివైపు చూస్తూ "దీనికేముందండీ" అనేవాడు. మొహమాటం ఆయనకు అంతా ఇంతా కాదు. బుద్ధెరిగాక ఎవరినీ కాదన్న పాపాన పోలేదు. ఒకసారి ఎవరో పొరపాటున ఫోన్ చేసి "బయల్దేరారా?" అంటే, "ఇదిగో, వచ్చేస్తున్నా" అని చెప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికి వెళ్లాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు.

అటువంటి మనిషి ఫోన్‌లో, లెక్కలు చూసుకునే ఏఐ సహాయకుణ్ణి పెట్టి ఇచ్చింది కోడలు. పాపం, ఆ పిల్లది మంచి ఉద్దేశమే. చేసిన పనిని నోటితో చెబితే బిల్లు అదే రాస్తుందనీ, పన్ను కోసం ఎంత పక్కన పెట్టాలో అదే చూపిస్తుందనీ, వచ్చే నెల చేతిలో ఏం మిగులుతుందో కూడా ముందే చెబుతుందనీ వివరించింది.

"ఏం చేసినా మిమ్మల్ని అడిగే చేస్తుంది మామయ్యగారూ. అడిగింది చదివి, సరేనో వద్దో నొక్కండి" అని చెప్పి ఆఫీసుకు వెళ్లిపోయింది. ఆ 'చదివి' అన్న మాట దగ్గర మేస్త్రి కళ్లజోడు వెతుక్కుంటున్నాడు.

షాపు తెరిచి, కాలి కింద కుట్టుమిషను ఆడిస్తూనే, ఈమధ్య చేసిన పనులన్నీ ఫోన్‌కు అప్పజెప్పాడు. కండక్టరుగారి టికెట్ల సంచి, పట్టీ కుట్టడం, సున్నా. టీచరమ్మ ట్రాలీ బ్యాగు, చక్రం, సున్నా. అబద్ధం చెప్పే అలవాటు లేదు కాబట్టి సున్నాలన్నీ ఉన్నవున్నట్టు చెప్పాడు. సహాయకుడు కాసేపు ఆలోచించి, రాబడి లేని పనులు మరీ ఎక్కువగా ఉన్నాయనీ, అవి ఆపేయమంటారా అనీ అడిగాడు. కింద పచ్చరంగులో 'సరే', ఎర్రరంగులో 'వద్దు'. పొద్దుటినుంచీ మనకోసం ఇంత కష్టపడి లెక్కలు చేసి, వినయంగా అడుగుతుంటే మొహంమీద వద్దని ఎలా నొక్కుతాం? మేస్త్రి సరే నొక్కాడు. ఆ సంగతి ఆ పనులు చేయించుకున్నవాళ్లందరికీ తెలియజేయనా అన్నాడు. సరే. ఖర్చుల్లో అద్దె పెద్దది, తగ్గించుకునే దారి చూడనా అన్నాడు. పుణ్యాత్ముడు, అంతకంటేనా అనుకుని సరే అన్నాడు. ఆ తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టి, మోగినప్పుడల్లా పచ్చటి చోట వేలు ఆనించి మళ్లీ జిప్పులో పడ్డాడు.

మొదట వచ్చింది కండక్టరు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, బల్ల ముందు మాట పెగలక నిలబడ్డాడు. ఆయన ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందనుకున్నాడు మేస్త్రి. లేచి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యంగా ఉండాలండీ" అన్నాడు మేస్త్రి.

"ఆ మాట నేను చెప్పాల్సింది. ఈ పరిస్థితిలో కూడా మీరే నాకు ధైర్యం చెబుతున్నారు" అని కండక్టరు కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన ఫోన్‌కు వచ్చిన, మేస్త్రికి మాత్రం చూపించని సందేశం ఇది: 'ఇంతకాలం మీరు చూపిన ఆదరణకు కృతజ్ఞతలు. ఇకపై మా సేవలు మీకు అందవు.' ఏ జబ్బూ లేని మనిషి అలా రాయడు గదా అని కండక్టరు ఊహ. తన సంచి పట్టీ ఎన్నిసార్లు తెగినా బస్సు కదిలేలోపు కుట్టి ఇచ్చిన చేతులకు చివరికి ఇలా రాసిపెట్టి ఉందా అనుకుంటూ, జేబులో ఉన్నది తీసి బల్లమీద పెట్టాడు. మేస్త్రికి అడగడానికి ఎంత మొహమాటమో, ఇచ్చేవాళ్లను వారించడానికీ అంతే మొహమాటం. పుచ్చుకున్నాడు.

తర్వాత టీచరమ్మ బత్తాయిలతో వచ్చింది. రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడిగింది. పడుతోందంటే, "మంచిది, బాధ తెలియకుండా ఉంటే అంతే చాలు" అని ఒక కవరు చేతిలో పెట్టి వెళ్లింది. ఆమె వెనకే ఇంకొకరు, వాళ్ల వెనకే మరొకరు. అందరూ మెల్లగా మాట్లాడారు. కొందరు మిషనుకేసి చూసి నిట్టూర్చారు. డబ్బులు నిండి సొరుగు మూతపడటం మానేసింది. ఊళ్లో జనానికి ఉన్నట్టుండి ఇంత మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో మేస్త్రికి అంతుబట్టలేదు.

మధ్యాహ్నం బేకరీ ఆయన కొలత టేపుతో వచ్చాడు. గోడ పొడవు చూసుకోవాలి, ఈ కొస కాస్త పట్టుకుంటారా అన్నాడు. ఎందుకని అడగడం మర్యాదగా తోచక మేస్త్రి లేచి వెళ్లి కొస పట్టుకున్నాడు. తలుపు వెడల్పు కొలుస్తుంటే కొంచెం వంగాడు కూడా.

సరిగ్గా అప్పుడే మేస్త్రి భార్య ఆటో దిగింది. ఆవిడ చేతిలో దుప్పటీ, పాత డాక్టరు చీటీలున్న సంచీ ఉన్నాయి. మీ ఆయనకు బాగోలేదటగా అని టీచరమ్మ కబురు చెబితే, సగం వండిన కూర వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పోయే ప్రాణంతో ఉన్నాడనుకున్న మొగుడు గోడకు టేపు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, మీకేమైంది?"

"నాకేమైంది? నువ్వెందుకొచ్చావు?"

"మరి ఆయనేం కొలుస్తున్నాడు?"

"గోడ."

"మన గోడ ఆయనకెందుకు?"

ఈ ప్రశ్న మేస్త్రికి అప్పటిదాకా తట్టలేదు. బేకరీ ఆయన మాత్రం తడుముకోలేదు. మీరు షాపు వదిలేస్తున్నారని ఓనరమ్మే చెప్పిందనీ, బయానా కూడా సిద్ధం చేసుకున్నాననీ చల్లగా చెప్పాడు. మేస్త్రి భార్య బల్లమీదున్న ఫోన్ అందుకుని మొదటినుంచీ చదివింది. అద్దె తగ్గించుకోవడానికి సహాయకుడికి తోచిన దారి, షాపే వదిలేయడం. ఆ మాట ఓనరమ్మకు రాయనా అని అడిగాడు. మేస్త్రి సరే అన్నాడు.

కోడలికి ఫోన్ చేస్తే, వెళ్లిన సందేశాన్ని వెనక్కి రప్పించలేమంది. "అన్నిటికీ సరే నొక్కారా మామయ్యగారూ?" అని మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగింది. తన బతుకంతా గడిచిన చోటు, కళ్లు మూసుకుని కూడా సూది ఎక్కడుందో తీయగల చోటు, తన వేలితోనే తను పోగొట్టుకున్నాడు. ఎవరో ఇచ్చిపోయిన సూట్‌కేసు మీద కూలబడ్డాడు.

సాయంత్రం ఓనరమ్మ వచ్చేసరికి షాపు ముందు జనం ఉన్నారు. కండక్టరు డ్యూటీ దిగి మళ్లీ వచ్చాడు. మేస్త్రికి జబ్బు లేదని తెలిసినా ఎవరూ కదల్లేదు. ఓనరమ్మ ముక్కుసూటి మనిషి.

"వద్దని మీరే రాశారు. ఈయన తీసుకుంటానంటున్నాడు. ఇచ్చేయనా?"

అలవాటైన మాట మేస్త్రి గొంతుదాకా వచ్చేసింది. భార్య చేతిలో దుప్పటి అంచు నలిగిపోతోంది. బేకరీ ఆయన ఆశగా చూస్తున్నాడు, ఆశపడ్డవాడి మొహం చూస్తే మేస్త్రికి అసలే మనసు కరుగుతుంది. పెదవి రెండుసార్లు కదిలింది.

"ఇవ్వొద్దమ్మగారూ" అన్నాడు. "ఈ షాపు నాకు కావాలి."

అనేసి, ఎవరినో కొట్టినవాడిలా కంగారుగా అందరి మొహాలూ చూశాడు. ఎవరికీ దెబ్బ తగిలినట్టు లేదు. బేకరీ ఆయన టేపు చుట్టుకుని, ఫ్రిజ్ చిన్నది తీసుకుంటే పోతుందిలెండి అన్నాడు. ఓనరమ్మ సంచిలోంచి కాగితాలు తీసింది. అవి ముందే రాయించిన కొత్త ఒప్పందం కాగితాలు.

"మీ సందేశం చూసి నాకు అన్నం సహించలేదు. ఈ షాపు మేడమీద అద్దెకుండే పిల్లలు ఎంత పొద్దుపోయి వచ్చినా, మెట్ల దగ్గర మీరు పనిచేసుకుంటూ కూర్చునుంటారని నాకు ధీమా. మీ నోటితో చెబితే తప్ప నమ్మకూడదనుకునే వచ్చాను" అంది.

మేస్త్రి సంతకం పెట్టాడు. డబ్బులిచ్చినవాళ్లందరినీ పిలిచి తిరిగి ఇవ్వబోతే ఒక్కరూ పుచ్చుకోలేదు. "మీరు అడగరు, మాకు ఇవ్వడం కుదరదు. ఇన్నాళ్లకు కుదిరింది, కానివ్వండి" అన్నాడు కండక్టరు. మేస్త్రికి కళ్లు చెమర్చాయి. ఇంతమంది తనను తలుచుకుంటారని ఆయన ఎన్నడూ అనుకోలేదు. చేతులు జోడించి, "మీ అందరికీ రుణపడి ఉన్నాను" అన్నాడు. సహాయకుడి మీద కూడా ఆయనకు కోపం రాలేదు. ఆ మాటకొస్తే, ఊరికే చేసే పనులతో అద్దె వెళ్లదని అతను చెప్పింది నిజమే కదా.

రాత్రి కోడలు కూర్చుని అంతా సరిదిద్దింది. ఇకనుంచి పెద్దా చిన్నా ప్రతి పనికీ సహాయకుడే బిల్లు పంపుతాడు, మేస్త్రి నోరు తెరిచి అడగక్కర్లేదు. అడిగే ప్రశ్నలన్నీ మాత్రం అత్తగారి ఫోన్‌కే వెళతాయి. ఆవిడ మొదటిపనిగా ఆ రోజు వచ్చిన డబ్బంతా లెక్క చెప్పింది. సహాయకుడు కాసేపు ఆలోచించి, షాపు చరిత్రలో ఇంత రాబడి ఏ రోజూ లేదనీ, పొద్దున అందరికీ పంపిన సందేశమే ప్రతి నెలా పంపమంటారా అనీ అడిగాడు.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది.