కాఫీ ఇచ్చిన నేరానికి పదకొండు కుర్చీలు

కోట అందాల సంఘం పెద్దలారా, మా కుండల వీధివాళ్ళు మిమ్మల్ని దొంగలంటున్నారు. నేను ఒప్పుకోను. మీరు సోమరిపోతులు. లారీ వేసుకొచ్చి పదకొండు కుర్చీలు ఎత్తుకెళ్ళారు, సరే. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళని ఎవరు ఎత్తుకెళ్తారు? మా కార్తహేనా ఊరి కోటగోడల లోపల ఇంకా మనుషులు మిగిలే ఉన్నారు. పని సగంలో వదిలేస్తే ఎలా?

పాఠకులారా, నవ్వకండి. నేను టూరిస్టుల పక్షం. రేవులో పెద్ద ఓడ ఆగిన రోజున మూడు వేల మంది మా వీధిలోంచే పోతారు. మూడు వేల మంది నా కిటికీ చూసి ముచ్చటపడతారు. ముప్పై ఏళ్ళలో నా పెళ్ళాం ఒక్కసారైనా దాన్ని చూసి ముచ్చటపడిందా? ఊరుకోరు, లోపలికి తొంగిచూస్తారు. నేను చిరుగుల బనియనుతో వేయించిన అరటికాయ తింటుంటే ఫోటో తీస్తారు. ఏ దేశంలోనో ఎవరింటి గోడ మీదో నేను నోరు తెరుచుకుని వేలాడుతున్నాను. ఈ బతుక్కి ఇంతకంటే ఏం కావాలి?

సంఘం మేలు కూడా మరవకూడదు. ఇంటికి ఏ రంగు వెయ్యాలా అని మేం బుర్ర బద్దలుకొట్టుకోకుండా పద్నాలుగు రంగుల అట్ట ఒకటి చేతికిచ్చింది. అందులోంచే ఎంచుకోవాలి. పోయిన వారం అన్సెల్మో చనిపోయాడు. పడవలు చేసే వడ్రంగి, డెబ్బై ఆరేళ్ళ మనిషి. అతని భార్య ఎదిల్మా పెద్దమ్మ తలుపుకి నల్లగుడ్డ కట్టింది. గంటలో సంఘం గుమాస్తా దిగాడు.

"అమ్మా, నలుపు అట్టలో లేదు."

"మా ఆయనా లేడు నాయనా."

"లేత నారింజ ఉంది, చూస్తారా?"

చూశారా ఎంత దయో!

ఇక అసలు నేరానికొస్తాను. మా దగ్గర చావింట తొమ్మిది సాయంత్రాలు ప్రార్థన. ఇళ్ళు ఇరుకు, అందుకని వీధిలోనే కుర్చీలు వేస్తాం, ఇంటికొకటి చొప్పున. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా సరే, ఎందుకొచ్చావని అడగం. తియ్యటి నల్ల కాఫీ చేతిలో పెడతాం. పోయినవాడి శత్రువొచ్చినా అంతే. అడిగితే పోయినవాడికి అవమానం.

రెండో సాయంత్రం ఎండకి కందిపోయిన టూరిస్టులిద్దరు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి ఆ కుర్చీల్లో కూలబడ్డారు. ఏం చేశాం? కాఫీ ఇచ్చాం, ఉప్పు బిస్కెట్లు ఇచ్చాం. పాపం, మంచివాళ్ళే, తలవంచి దణ్ణం పెట్టి వెళ్ళారు. వెళ్ళి నలుగురికీ చెప్పుకున్నారు, అక్కడే మా కొంప మునిగింది. నాలుగో సాయంత్రం పసుపు జెండా పట్టుకుని గైడొకడు ఇరవై ఇద్దరిని తోలుకొచ్చాడు. వాడి కాగితంలో అప్పటికే ఎక్కేసింది: 'అయిదు గంటలకు, స్థానికులతో కాఫీ.'

పక్కింటి నూరిస్ వాడికి అడ్డంపడింది. "బాబూ, ఇది చావిల్లు."

"తెలుసక్కా, అందుకేగా తెచ్చాను. నిజమైనది చూపించమని నా ప్రాణం తీస్తున్నారు. ఆ పెద్దావిణ్ణి కాస్త గట్టిగా ఏడవమను, వెనక ఉన్నవాళ్ళకి వినపడట్లేదు."

"నీ చావుకొచ్చి గట్టిగా ఏడుస్తాంలే. ముందా జెండా దించు."

దించలేదు. పదకొండు కుర్చీల్లో పదకొండు మంది కూర్చున్నారు, మిగతావాళ్ళు మెట్లెక్కారు. మేం నిలబడ్డాం. అందరికీ కాఫీ ఇచ్చాం. ఏం చేస్తాం, కూర్చున్నారు మరి. మర్నాడు నూరిస్ కూతురు ఫోన్లో చూపించింది. అన్సెల్మో చావుకి నాలుగు నక్షత్రాలు పడ్డాయి. 'ఏడుపు సహజంగా ఉంది, కాఫీలో పంచదార ఎక్కువ.' బతికుండగా అతనికి ఎదిల్మా పెద్దమ్మే రెండున్నర దాటి ఇచ్చేది కాదు.

ఆ నక్షత్రాలే సాక్ష్యమయ్యాయి. ఏడో సాయంత్రం సంఘం లారీ వచ్చింది. నేరమేమిటయ్యా అంటే, అనుమతి లేకుండా కాఫీ హోటల్ నడపడం.

"హోటలైతే డబ్బులు తీసుకుంటాం కదయ్యా," అంది నూరిస్.

"తీసుకోకపోవడం ఇంకా పెద్ద తప్పమ్మా. డబ్బు తీసుకునే హోటళ్ళేమైపోవాలి?" అన్నాడు గుమాస్తా.

 పదకొండు కుర్చీలూ లారీ ఎక్కాయి.

ఎనిమిదో సాయంత్రం, అంటే నిన్న, నిలబడే ప్రార్థన చేశాం. ఎదిల్మా పెద్దమ్మ గడప మీద చతికిలబడితే గుమాస్తా లేపాడు. ఆ గడప మూడు వందల ఏళ్ళదట, అరిగిపోతుందట. ఆవిడ మోకాళ్ళు డెబ్బై రెండేళ్ళవి, బాగా అరిగాయి. వాటికి సంఘం లేదు.

కుర్చీలు అడుగుదామని నేను సంఘం ఆఫీసుకి వెళ్ళాను. పది కుర్చీలు వెనక గదిలో తలకిందులుగా పడి ఉన్నాయి. పదకొండోది ముందు హాల్లో, దీపం కింద, చుట్టూ ఎర్రతాడు కట్టి పెట్టారు. ముందు అట్టముక్క: 'సంప్రదాయ ఊగుడు కుర్చీ. కూర్చోరాదు.' అది అన్సెల్మోది. పడవకి మిగిలిన చెక్కతో తనే చేసుకున్నాడు. ఎడమ చేతిపిడి మీద అతని చుట్ట కాల్చిన మచ్చలు ఇంకా ఉన్నాయి. ఇద్దరు దాన్ని ఫోటో తీసుకుంటున్నారు.

మా వీధిలో తొమ్మిదో సాయంత్రం పోయినవాడి కుర్చీని గుమ్మం ముందు ఖాళీగా వేసి, పక్కన ఒక కప్పు కాఫీ పెడతాం. అతనొచ్చి కూర్చుంటాడు, తాగుతాడు, లేచి వెళ్ళిపోతాడు. నేను దేవుణ్ణే నమ్మనివాణ్ణి, ఇదేం నమ్ముతాను? కానీ ఎదిల్మా పెద్దమ్మ నమ్ముతుంది. నిన్న నన్ను పట్టుకుని అడిగింది.

"యాభై ఏళ్ళు నిలబడే పని చేశాడు. పోయేటప్పుడు కూడా నిలబడే పోవాలా?"

నా దగ్గర వెటకారం అయిపోయింది పెద్దలారా. ఇక మామూలుగా చెప్తాను.

ఈ రోజే తొమ్మిదో రోజు. సాయంత్రం అయిదు లోపల పదకొండు కుర్చీలూ ఎక్కడివక్కడ వెయ్యాలి. ఎర్రతాడు తీసి అన్సెల్మో కుర్చీని ఎదిల్మా గుమ్మం ముందు పెట్టాలి. పసుపు జెండా మా వీధి మలుపు దగ్గరే ఆగాలి. అలసిపోయి వచ్చినవాళ్ళు రావచ్చు, వాళ్ళకి కాఫీ ఎప్పుడూ ఉంటుంది.

కుర్చీ రాకపోతే దాని దగ్గరికి మేమే వస్తాం. మీ హాల్లోనే, మీ దీపం కిందే, నలభై మందిమి తొమ్మిదో రోజు చేస్తాం. ఎదిల్మా గట్టిగానే ఏడుస్తుంది, వెనక ఉన్నవాళ్ళకి కూడా వినపడుతుంది. కాఫీ మేమే తెచ్చుకుంటాం. మీకూ ఇస్తాం.