గిన్నెలోయలో సున్నా తప్పు

ఒక పెద్ద అడవిలో, జంతువులన్నిటికీ చెవులున్నా సరే, ఏ మాట ఎక్కడిదాకా వినపడుతుందో లెక్కగట్టడానికి ధ్వనిశాఖ అని ఒకటి ఉండేది. అందులో తప్పులు కొలిచే ఉద్యోగం పట్టాభి అనే ఉడుముది. పట్టుకున్న తప్పును వదలడని అతనికి పేరు. ఇంట్లో భార్య కూడా కూరలో ఉప్పు తగ్గిన రోజున అతను నోరు తెరవకముందే ఒప్పేసుకునేది.

ఆ ఏడు సింహానికి గిన్నెలోయలో ఉపన్యాసం ఇవ్వాలని బుద్ధి పుట్టింది. గిన్నెలోయ అంటే చుట్టూ నున్నటి రాతిగోడలున్న గుండ్రటి పల్లం.

"నా మాట ప్రతి చెవికీ చేరాలి. నేనెక్కడ నిలబడాలో, వాళ్లెక్కడ కూర్చోవాలో లెక్కగట్టండి. తేడా వచ్చిందా, శాఖ మొత్తాన్నీ మింగేస్తాను" అంది.

ధ్వనిశాఖకు పెద్ద భేరయ్య అనే బోదురుకప్ప. శాఖ పద్ధతి ఏమిటంటే, ఇసుకలో లోయ బొమ్మ గీసి, గళ్లు కొట్టి, గడికొక చీమను నిలబెట్టేవాళ్లు. పక్క చీమ లేస్తే ఈ చీమ లేవాలి, అది కూర్చుంటే ఇది కూర్చోవాలి. ఆ లేవడం కూర్చోవడాన్ని బట్టి శబ్దం ఎటు పోతుందో తెలిసేది. గళ్లు ఎంత చిన్నవైతే లెక్క నిజానికి అంత దగ్గర.

భేరయ్య రాగానే చీమలన్నిటినీ ఇంటికి పంపేసి, మేనల్లుళ్లనీ, బావమరుదులనీ, వాళ్ల తోడల్లుళ్లనీ పనిలో పెట్టాడు. కప్ప పట్టాలంటే గడి పెద్దది కావాలి కదా. చీమల పటాలం ఉండే చోట ఒక్క కప్ప చతికిలబడింది.

లోయలో శబ్దం ఎలా తిరుగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. కానీ తిన్నటి రాతి సొరంగం సంగతి అందరికీ తెలుసు. ఈ చివర అన్న మాట ఆ చివర అచ్చం అలాగే వినపడుతుంది. అంచేత ఏ లెక్కనైనా ముందు సొరంగం మీద నడిపించి, ఆ తెలిసిన జవాబుతో పోల్చి చూసేవాళ్లు. పట్టాభి పని అదే.

పోల్చాడు. ఈ చివర పంపిన ఒక్క "ఓ" కప్పల వరస దాటేసరికి సాగి, నలిగి, వెనక తోకలు మొలిచి, ఆలస్యంగా "వువ్వువ్వూ" అని తేలింది.

"అయ్యా, సగానికి సగం తప్పు" అన్నాడు పట్టాభి.

భేరయ్య గొంతు ఉబ్బించాడు. "ఎక్కడ కొలిచావోయ్?"

"సొరంగం పొడుగునా అండి."

"పొడుగునా ఎవరు కొలవమన్నారు? ఆ కొసన కొలువు. శబ్దం అక్కడికి చేరకముందే కొలువు. అప్పుడు అసలు జవాబెంత?"

"సున్నా అండి. ఇంకా చేరలేదు కదా."

"మా బావమరిది జవాబెంత?"

పట్టాభి చూశాడు. కొస గడిలో బావమరిది గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. "అదీ సున్నానే అండి."

"సున్నాలోంచి సున్నా తీసేస్తే?"

తప్పుందంటే భేరయ్య ఊరుకోడు, సింహం అసలే ఊరుకోదు. ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలున్నారు. రాజు ముందు నిలబడి "తప్పు సున్నా ప్రభూ" అనేశాడు.

ఉపన్యాసం రోజు వచ్చింది. లెక్క చెప్పిన చోటే అందరూ కూర్చున్నారు. లెక్క చెప్పిన బండ మీదే సింహం నిలబడింది. నోరు తెరిచింది, మూసింది, పంజా ఊపింది. ముందు వరస దుప్పులకు ముక్క వినపడలేదు. వెనక వరస కుందేళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా ఎలుగుబంటి చప్పట్లు కొట్టింది. దానికి వినపడిందేమోనని అడవిపంది కొట్టింది. లోయంతా చప్పట్లు మోగాయి. పెళ్లాం పిల్లలతో ఓ పక్కన కూర్చున్న పట్టాభి గుండె కుదుటపడింది.

సింహం తృప్తిగా వెనక్కి వెళ్లి, గోడ నీడన చేరగిలబడి, మంత్రి నక్క చెవిలో గుసగుసలాడింది. ఆ గుసగుస నున్నటి గోడ వెంబడి గుండ్రంగా పాకి, లోయలో ప్రతి చెవిలోనూ స్పష్టంగా పడింది.

"చూశావా, ఇక ఎవర్నీ తినను, భయం లేదంటే నమ్మేశారు! బాగా కండపట్టిన వాళ్లను గుర్తుపెట్టుకో. రేపట్నుంచి మొదలుపెడదాం. ఉడుము మాంసం తిని కూడా చాన్నాళ్లయింది."

అంతే, లోయలో దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. పట్టాభి భార్య పిల్లల్ని ఈడ్చుకుంటూ కొండ అవతలికి పోయింది. పట్టాభి కూడా పోబోయాడు గానీ, నక్క అతని తోక పట్టుకుని ఆపేసింది.

"వినపడకూడనిది వినపడిందేం?" అని సింహం గర్జించింది.

భేరయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, మా లెక్కలో తప్పు సున్నా. తప్పంతా లోయది. గోడలు చెక్కించి లోయను లెక్కకు సరిచేద్దాం. మా తోడల్లుడికి ఆ పని అప్పగిస్తే..."

సింహం పట్టాభి వైపు తిరిగింది. "కొలిచింది నువ్వేనా?"

తన మాంసం సంగతి చెవులారా విన్నాక, ఇంక దాచుకోవడానికి ఏముందనిపించింది పట్టాభికి. "నేనే. శబ్దం చేరని చోట కొలిచాను. చేరిన చోట సగానికి సగం తప్పు. తెలిసే సున్నా అన్నాను. ఎక్కడ కొలవాలో చెప్పింది వీరు."

సింహం భేరయ్య మీదికి దూకింది. భేరయ్య పక్కనున్న మడుగులోకి దూకాడు. పట్టుకున్న తోక వదిలేసి నక్క కంగారుగా మడుగు వైపు పరిగెత్తింది. ఆ సందులో పట్టాభి గోడెక్కి కొండ అవతలికి జారిపోయాడు.

అక్కడ పిల్లల్ని లెక్కపెట్టుకుంటున్న ముసలి కుందేలు అతన్ని గుర్తుపట్టింది. "ఆ లోయ ఏర్పాటు మీ శాఖదేనటగా బాబూ! చల్లగా ఉండండి. మా ప్రాణాలు నిలబెట్టారు."

"అది మేం కావాలని చేసింది కాదు అవ్వా, మా లెక్క తప్పింది" అన్నాడు పట్టాభి సిగ్గుపడుతూ.

"అయితే ఇక ముందు కూడా అలాగే తప్పుతూ ఉండండి నాయనా" అంది కుందేలు.

నీతి: ఏలేవాడి లెక్క తప్పితేనే, ఏలబడేవాడి చెవిన అప్పుడప్పుడైనా నిజం పడుతుంది.