సీతాకోకచిలుకలు లేని సీతాకోకచిలుకల పార్కు

సీతాకోకచిలుకల పార్కులో సీతాకోకచిలుకలు ఉండకూడదు!

ఈ మాట నేను తమాషాకు అనడం లేదు. వరంగల్ ఎండలో గొడుగు వేసుకుని మా ఊరి పార్కంతా తిరిగి, అక్కడి క్యాంటీన్‌లో చల్లారిపోయిన చాయ్ తాగి మరీ అంటున్నాను. కొందరు మేధావులు పార్కుకు వచ్చి, ఒక చక్కర్ కొట్టి, గేటు దగ్గర నిలబడి 'ఒక్కటీ కనిపించలేదండీ' అని సణుగుతున్నారు. కనిపించకపోవడమే ఆ పార్కు గొప్పతనమని వీళ్లకు ఎప్పుడు తెలుస్తుందో!

కాస్త ఆలోచించండి. జూలో పులి పోతే పేపర్లో పడుతుంది. జింక కుంటితే ఎంక్వయిరీ వేస్తారు. ఏనుగు అన్నం మానేస్తే హైదరాబాద్ నుంచి డాక్టరు దిగుతాడు. మా పార్కు పెట్టి ఏడాది దాటింది. లోపల ఒక్క సీతాకోకచిలుకకైనా జలుబు చేసిన దాఖలా ఉందా? సంరక్షణ అంటే ఇదీ!

పార్కులో అడుగడుగునా ఒక బోర్డు ఉంటుంది. 'సీతాకోకచిలుకలను పట్టుకోరాదు' అని. మన జనం ఏనాడైనా బోర్డు మాట విన్నారా? ఉమ్మివేయరాదు అని రాసిన గోడ ఏ రంగులో ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఈ ఒక్క బోర్డును మాత్రం మా ఊరివాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు పట్టుకోలేదు.

గేటు పక్కన సిమెంటు సీతాకోకచిలుక ఉంది. ఆర్టీసీ బస్సంత ఉంటుంది. దాని రెక్కల మధ్య నిలబడి సెల్ఫీ దిగడానికి లైను కడతారు. అది కదలదు, మెదలదు, ఫోటో ఊగదు. అసలు సీతాకోకచిలుక అలా నిలబడుతుందా? మనం ఫోన్ బయటికి తీసేలోపు పక్క పువ్వు మీదకు పోతుంది. క్రమశిక్షణ లేని జాతి!

ఆ స్థలంలో ఇంతకుముందు ఏముండేదో చెబితే మీరు ముక్కు మీద వేలేసుకుంటారు. తంగేడు, జిల్లేడు, పేరు తెలియని ముళ్ల పొదలు. బతుకమ్మ వచ్చిందంటే మా కొత్తవాడ ఆడవాళ్లంతా తంగేడు పువ్వుకు అక్కడికే పోయేవాళ్లు. కొమ్మ వంచితే చాలు, పువ్వుల్లోంచి పువ్వులు లేచినట్టు పసుపు రంగు సీతాకోకచిలుకలు గుంపులుగా లేచేవి. టికెట్ లేదు, టైమింగ్స్ లేవు, సోమవారం సెలవన్న మాటే లేదు. ఇలా ఇష్టం వచ్చినట్టు ఎగిరితే అది పార్కు ఎలా అవుతుందండీ? అందుకని జేసీబీ పెట్టి తంగేడును, జిల్లేడును వేళ్లతో సహా పెకలించి, నున్నగా లాన్ పరిచి, ఎక్కడినుంచో తెచ్చిన మొక్కలు వరసగా నాటి, సీతాకోకచిలుకల కోసం అన్ని సౌకర్యాలూ కల్పించారు.

సీతాకోకచిలుకలు మాత్రం తమ పార్కు కోసం తామే స్థలం ఖాళీ చేసి వెళ్లిపోయాయి. ఈ రోజుల్లో అంత త్యాగం ఎవరు చేస్తారు?

ఇక చదువు విషయానికి వస్తాను. పార్కులో విజయ్‌కుమార్ గారని ఒక ఆఫీసరున్నారు. ఎడ్యుకేషన్ ఆయనే, ఔట్‌రీచ్ ఆయనే. చాలా మంచి మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, చంకలో ల్యాప్‌టాప్. బడి పిల్లలు వస్తే ఏసీ హాల్లో కూర్చోబెట్టి ఒక స్లైడ్ చూపిస్తారు. గుడ్డు, దాని పక్కన బొద్దుగా పచ్చటి గొంగళి పురుగు, దాని పక్కన గూడు, ఆపైన సీతాకోకచిలుక. చుట్టూ బాణం గుర్తులు. అంతే, చదువు పూర్తి!

మా ఎదురింటి లక్ష్మీనర్సమ్మ మనవరాలు మహిత ఐదో తరగతి. తన బడి పిల్లలతో పార్కుకు వెళ్లింది. ఆ పిల్లకు నోరు కాస్త ఎక్కువ. స్లైడ్ అయిపోగానే లేచి నిలబడిందట.

"సార్, మరి అవి ఏడున్నయి?"

"ఇప్పుడే చూపిచ్చిన గదమ్మా!"

"గవి కాదు సార్. ఎగిరేటియి."

"గవన్నీ అడుగద్దు బిడ్డా. పొయ్యి సమోసా తినుండ్రి."

నేను విజయ్‌కుమార్ గారి పక్షమే. సమోసా ఉండగా ప్రశ్నలెందుకు?

అంతా సవ్యంగా సాగిపోతున్న ఈ పార్కుకు ఒక చిక్కు వచ్చిపడింది. వార్షికోత్సవం దగ్గరపడింది. హైదరాబాద్ నుంచి పెద్ద సారు వస్తానన్నారు. వస్తే వచ్చారు, తన స్వహస్తాలతో సీతాకోకచిలుకలను గాల్లోకి వదులుతానని కూడా అన్నారు! విజయ్‌కుమార్ గారి ఇస్త్రీ నలిగింది. సిమెంటుదాన్ని ఎలా వదులుతారు?

అప్పుడు మొదలైంది కమ్యూనిటీ ఔట్‌రీచ్. ఆ మాటకు అర్థం నాకు ఇన్నాళ్లూ తెలియదు. పార్కులో లేనిదాన్ని ఊళ్లోవాళ్ల ఇళ్లలోంచి తెచ్చుకోవడమట!

లక్ష్మీనర్సమ్మ ఇంటిముందు ఒక కరివేపాకు చెట్టుంది. మా వీధి మొత్తానికి అదే పోపు. ఆమె జంపఖానాల మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. ఆ పొద్దున కండెలు వదిలేసి, చెట్టు కింద చీపురు ఎత్తి నిలబడింది. ఆకుల నిండా పచ్చటి పురుగులు. సరిగ్గా అదే సమయానికి విజయ్‌కుమార్ గారు మా సందులోకి వచ్చారు. తన స్లైడ్ చెట్టు మీద ప్రత్యక్షమయ్యేసరికి కేక పెట్టారు.

"ఆగు అమ్మా, ఆగు! అవి సీతాకోకచిలుకలు!"

"ఏడియి సారూ? ఇవి పురుగులు. నా కల్యామాకు చెట్టును నాశ్నం జేత్తానయి."

"అవే ఇవి అయితయమ్మా. జర ఓపిక పట్టుండ్రి. మీ చెట్టును మా పార్కు దత్తత తీసుకుంటది."

చెట్టుకు రిబ్బన్ కట్టారు. లక్ష్మీనర్సమ్మ చేతికి సర్టిఫికెట్ ఇచ్చి ఫోటో తీశారు. అక్కడే నిలబడి చూస్తున్న మహిత గడ్డం పట్టుకుని, "వీటిని నువ్వు పెంచు బిడ్డా. ఫంక్షన్ నాడు పెద్దసారు పక్కన నిలబడి నీ చేతులతోని ఇడుద్దువు" అన్నారు.

ఆ ఒక్క మాట చాలు. పార్కులో ఎగిరేవి కనిపించలేదని వచ్చిన పిల్లే, ఇప్పుడు పార్కుకు ఎగిరేవాటిని ఇవ్వబోతోంది! ఆరోజు నుంచి బడి నుంచి రావడం, చెట్టు కింద కూర్చోవడం. కాకి వాలితే కర్ర, తొండ పాకితే కేక. మా వీధిలో పప్పుచారు కరివేపాకు వాసన మరచిపోయింది. మా ఆవిడ సుభాషిణి నాలుగు రెబ్బలు తెంపుకుందామని వెళితే, "అమ్మమ్మా, ముట్టకు! అది వాటి బువ్వ" అని చెయ్యి అడ్డం పెట్టింది. మేం ఉప్మాను ఉత్తగానే తిన్నాం. దేశం కోసం ఆ మాత్రం చెయ్యలేమా?

ఎవరూ చూడకుండా నేనొక పురుగును వేలితో కదిపి చూశాను. అది తల వెనకనుంచి నారింజ రంగు కొమ్ములు బయటికి తీసి, ముక్కు పగిలే వాసన వదిలింది. పేపర్లో నేను రాసే ఈ కాలమ్ మీద ఇంతవరకూ ఇంత సూటి అభిప్రాయం ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్లకు వాటిలో కొన్ని కొమ్మకు ఆనుకుని గూళ్లయ్యాయి. నడుము చుట్టూ సన్నటి దారం బిగించుకుని, వెనక్కి వాలి నిలబడ్డాయి. లక్ష్మీనర్సమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి చూసింది.

"ఎంత సన్నం పోగు తీసింది సూడుండ్రి! దీనికెవలు నేర్పిండ్రమ్మా?" అంది. చీపురు ఎత్తిన మనిషే, ఆ తర్వాత కండెలు చుడుతూ చుడుతూ లేచొచ్చి కాకుల్ని అదిలించేది.

ఫంక్షన్ ఇంకో మూడు రోజులుందనగా పార్కు వాళ్ల వ్యాను వచ్చింది. పురుగులను, గూళ్లను కొమ్మలతో సహా కోసి తీసుకెళ్లారు. మహిత కూడా వ్యాన్ ఎక్కి వెళ్లి, పార్కులోని నిమ్మ మొక్కల మీద, కరివేపాకు కుండీల మీద దగ్గరుండి పెట్టించి వచ్చింది. ఇంటిముందు చెట్టు మోడులా మిగిలింది.

ఫంక్షన్ రోజున మా వీధి వీధంతా వెళ్లాం. ఆహా, ఏం పార్కండీ! ప్రతి ఆకూ నూనె రాసినట్టు మెరుస్తోంది. ఒక్క ఆకుకు కూడా చిల్లు లేదు. మహిత కొత్త లంగా కుచ్చిళ్లు పట్టుకుని కుండీల దగ్గరికి పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్లాను. కుండీల చుట్టూ నేల మీద పురుగులు ముడుచుకుని పడి ఉన్నాయి. గూళ్లు నల్లబడిపోయాయి. గాల్లో మందు వాసన. మన పత్తి చేల పక్కన నడిచిన వాళ్లెవరికైనా ఆ వాసన తెలుసు.

విజయ్‌కుమార్ గారు వచ్చారు.

"నిన్న సూత్తే ఆకులన్నీ తూట్లేనమ్మా. పెద్దసారు వత్తాండు. తూట్ల ఆకులు జూత్తె ఏమనుకుంటడు? అందుకే తూట్ల ఆకులు తెంపిచ్చి, జర మందు కొట్టిచ్చినం. గింతగనం పనిచేత్తదనుకోలే."

ఇందులో తప్పేముంది, మీరే చెప్పండి! అది సీతాకోకచిలుకల పార్కు గానీ పురుగుల పార్కు కాదు కదా? పురుగు అసహ్యం, సీతాకోకచిలుక అందం. అసహ్యాన్ని తీసేస్తే మిగిలేది అందమే అని ఎవరైనా అనుకుంటారు. లెక్కలో చిన్న పొరపాటు, అంతే.

మహిత ఏడవలేదు. ఒక్కొక్కటే ఏరి లంగా ఒడిలో వేసుకుంది. ఆ పిల్ల మొహంలోకి నేను చూడలేకపోయాను.

స్టేజీ మీద కార్యక్రమం ఆగలేదు లెండి. పెద్ద సారు ఒక పెట్టెకు కట్టిన రిబ్బన్ లాగారు. పెట్టె టప్‌మని పేలి, రంగురంగుల కాగితం సీతాకోకచిలుకలు గాల్లోకి లేచాయి. పుట్టినరోజు పార్టీల్లో పేలుస్తారు చూడండి, అవే. చప్పట్లు మోగిపోయాయి. పెద్ద సారు భుజం మీద ఒకటి వాలితే ఫోటోగ్రాఫర్ పరుగెత్తాడు. మరునాడు పేపర్లో ఆ ఫోటోయే వచ్చింది.

నెల తిరక్కముందే మోడు చిగురించింది. మహిత అటువైపు చూడటం మానేసింది. మొన్న పొద్దున మాత్రం పరుగెత్తుకొచ్చి, నా చెవిలో నోరు పెట్టింది.

"తాతా, మల్ల వచ్చినయి."

వెళ్లి చూశాను. లేత ఆకుల మీద పిట్ట రెట్టలు తప్ప నాకేం కనిపించలేదు. నల్లగా, మధ్యలో తెల్లగా, అచ్చం రెట్టలే. "ఇవేనా?" అన్నాను. అంతలో ఒక రెట్ట మెల్లగా జరిగింది! పుట్టిన కొత్తలో అలాగే ఉంటాయట. అలా ఉంటే పక్షులు ముట్టవట. ఆకులన్నీ వెతికి చూస్తే చెట్టు నిండా అవే.

మేమిద్దరం అలా తలలెత్తి నిలబడి ఉండగానే సందు మొదట్లో వ్యాన్ ఆగింది. విజయ్‌కుమార్ గారు! వెనకాల వీపు మీద స్ప్రేయర్ డబ్బా మోస్తూ ఒక మనిషి.

"లక్ష్మీనర్సమ్మగారూ, కంగ్రాచ్యులేషన్స్! మీ చెట్టుకు బెస్ట్ ట్రీ అవార్డు వచ్చింది. మా పురుగుల వల్లనే పాపం మీ చెట్టు కరాబైంది గద. ఇగ ఏడాదంతా మేమే ఫ్రీగ మందు కొడ్తం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

మహిత గబుక్కున వెళ్లి చెట్టు మొదలుకు వీపు ఆనించి నిలబడింది. లక్ష్మీనర్సమ్మ చేతిలో కండె అలాగే ఆగిపోయింది. స్ప్రేయర్ మనిషి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. విజయ్‌కుమార్ గారు ఒక కొమ్మను వంచి, ఆకును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. సీతాకోకచిలుకల ఎడ్యుకేషన్ ఆఫీసరూ, సీతాకోకచిలుకా జానెడు దూరంలో ముఖాముఖి!

"పురుగులైతే కనవడ్తలేవు" అన్నారాయన. "మరి గీ నల్లగ, తెల్లగ ఏందమ్మా?"

లక్ష్మీనర్సమ్మ మనవరాలి వైపు చూసింది. మనవరాలు నానమ్మ వైపు చూసింది.

"రెట్టలు సారూ" అంది లక్ష్మీనర్సమ్మ. "పిట్టలు ఏసినయి. రెట్టలు మందుకు సత్తయా? మీ మందు దండుగ."

ఆయన ఆకు వదిలేసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, నా వైపు తిరిగారు. "అంతేనా సార్?"

"ముమ్మాటికీ రెట్టలే" అన్నాను. కాలమిస్టుగా నేను చేసిన మొదటి నిజ నిర్ధారణ అది.

"జర కడుక్కోండమ్మా. హైజీన్ ముఖ్యం" అని చెప్పి, స్ప్రేయర్ మనిషిని వ్యాన్ ఎక్కించుకుని ఆయన వెళ్లిపోయారు.

అందుకే అంటున్నాను, మా పార్కు సీతాకోకచిలుకలకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. వాటిని గుర్తుపట్టకపోవడం కంటే గొప్ప సంరక్షణ ఇంకేముంటుంది?

పాఠకులకు ఒక్క మనవి. మీలో ఎవరికైనా విజయ్‌కుమార్ గారితో పరిచయం ఉంటే, దయచేసి ఈ వారం ఆయనకు పురుగుల గురించి ఏమీ నేర్పకండి. పుస్తకాలు ఇవ్వకండి, వీడియోలు ఫార్వర్డ్ చేయకండి, ఈ కాలమ్ అసలు చూపించకండి. ఆ రెట్టలు ఇంకో నాలుగైదు రోజుల్లో, అచ్చం ఆయన స్లైడ్ లో ఉన్నట్టే, పచ్చబడతాయని మహిత చెబుతోంది.

పచ్చవాటిని ఆయన గుర్తుపడతారు.