సహాయ విభాగానికి దరఖాస్తు

అనగనగా అనేంత పాత సంగతేం కాదు. మొన్నీమధ్యే, ఒక పెద్ద అడవిలో, నాగరత్నం అనే ముంగిస తన కూతురు మందారని ఏ కాలేజీలో చేర్పించాలా అని తల బద్దలు కొట్టుకుంటూ ఉంది.

మందార తెలివితక్కువది కాదు. కుబుసం చూసి అది ఏ పాముదో, ఎన్నాళ్ల కిందట విడిచిందో చెప్పగలదు. కానీ వాగు నుంచి నీళ్లు తెమ్మంటే, దారిలో చీమల బారు కనిపిస్తే దాని వెంటపడి, సాయంత్రానికి ఖాళీ కుండతో వచ్చేది. లెక్కలన్నీ ముందురోజే చేసేసి, పుస్తకం ఇంట్లో వదిలి బడికి వెళ్లేది. నాలుగు పనులు చెబితే ఏది ముందు చేయాలో తేలక నాలుగింటి మధ్యా కూర్చుని ఏడ్చేది.

చుట్టాలు ఒళ్లు బద్ధకం అన్నారు. పక్క పొదలోని కుందేలు గారాబం అంది. నాగరత్నానికి మాత్రం తెలుసు. పిల్ల రోజంతా పరుగెత్తుతూనే ఉంటుంది, ఎక్కడికీ చేరదు, అంతే.

కాలేజీ సలహాలు చెప్పే నక్క దగ్గరికి వెళితే, అది సంగతంతా కళ్లు మూసుకుని విని, వనరాజ మహా కళాశాల పేరు చెప్పింది. నాలుగు వేల మంది విద్యార్థులు, ఏనుగులు పక్కపక్కనే దూరేంత గేటు, ఇలాంటి పిల్లల కోసమే ప్రత్యేకంగా ఒక సహాయ విభాగం. ఆ విభాగంలో పేరుకైనా ఒక విద్యార్థి లేకపోతే తనిఖీలో గ్రేడు పోతుందని ప్రిన్సిపాల్ ఏనుగు దిగ్గజరావు తనని బతిమాలుకున్న సంగతి మాత్రం నక్క చెప్పలేదు.

ఎందుకైనా మంచిదని నాగరత్నం వాగు మలుపులోని చిన్న కాలేజీ కూడా చూసింది. కూర్మయ్య మాస్టారనే తాబేలు దాన్ని నడుపుతోంది. పిల్లలు ముప్ఫై మందే. గేటు లేదు. బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. మాస్టారు తల్లిని ఏమీ అడగలేదు. నీకు పని ఎక్కడ ఆగిపోతుందమ్మా అని మందారనే అడిగాడు.

"మొదలుపెట్టే చోటేనండీ," అంది మందార. "పనులన్నీ ఒకేసారి పిలుస్తాయి. దేనికి ముందు పలకాలో తెలీదు."

ఆ మాట కూతురు నాగరత్నంతో ఎప్పుడూ అనలేదు. తనూ ఎప్పుడూ అడగలేదు.

పొద్దున్నే ఒకరు పక్కన కూర్చుని ఆ రోజు పనుల్లో మొదటిది మాత్రమే ముందు పెడతామని, అది అయ్యాకే రెండోది చూపిస్తామని, మరిచిపోతే మళ్లీ గుర్తుచేస్తామని మాస్టారు చెప్పాడు. ఎన్నిసార్లు గుర్తుచేస్తారని నాగరత్నం అడిగితే, ఎప్పుడూ లెక్కపెట్టలేదన్నాడు.

అంతా నచ్చింది. కానీ తిరుగుదారిలో చుట్టాలు గుర్తొచ్చారు. గేటు కూడా లేని కాలేజీ అంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మందార అమ్మ మాటకి ఎదురు చెప్పలేదు. నాగరత్నం పిల్లని మహా కళాశాలలో చేర్పించి, ఆ గేటు గురించి నెలరోజులు చెప్పుకుంది.

అక్కడ సాయం పొందడం చాలా సులువని గుమస్తా కాకి చెప్పింది. పద్నాలుగు ఫారాలు నింపి, ఏడు ఆఫీసుల్లో, వరస తప్పకుండా, గడువులోపు ఇస్తే చాలు. మూడో ఆఫీసు మంగళవారం మాత్రమే తెరుస్తారు. అందులోకి వెళ్లాలంటే ఆరో ఆఫీసు ముద్ర ఉండాలి.

మందార మొదటి ఫారం నింపి ఎక్కడో పెట్టింది. దాన్ని వెతుకుతూ రెండోది పోగొట్టింది. గడువు దాటింది. ఎందుకు దాటిందో రాయమని ఇంకో ఫారం ఇచ్చారు. దానికీ గడువుంది.

చివరికి నాగరత్నమే వచ్చి కిటికీ ముందు నిలబడింది. "అయ్యా, ఫారాలు టైముకి ఇవ్వలేకపోవడమే మా పిల్ల ఇబ్బంది."

"ఆ సంగతే పదిహేనో ఫారంలో రాసి, టైముకి తెచ్చివ్వమనండమ్మా," అంది కాకి మర్యాదగా.

రెండో నెల సగానికే మందార క్లాసులు మానేసింది. పొద మూలన ముడుచుకుని, "నేను దేనికీ పనికిరానేమో అమ్మా," అంది. గేటు గురించి తను కొట్టిన గొప్పలు గుర్తొచ్చి నాగరత్నానికి సిగ్గేసింది.

ఆ వారమే కొంగల కమిటీ తనిఖీకి వస్తోందని తెలిసి దిగ్గజరావు నక్కకి కబురు పెట్టాడు. సహాయ విభాగంలో ఒక్క దరఖాస్తూ పూర్తి కాలేదు. నక్క పరుగున నాగరత్నం ఇంటికి వచ్చింది. శుక్రవారం సరిగ్గా పదింటికి మందార వేదిక ఎక్కి, కాలేజీ తనకి చేసిన సాయం గురించి రెండు మంచి మాటలు చెబితే ఫారాలన్నీ మాఫీ అంది. అయితే ఒంటరిగానే రావాలట. అప్పుడే సాయం ఫలించినట్టు కనిపిస్తుందట. మాఫీ అన్న మాటకి ఆశపడి నాగరత్నం సరేనంది.

శుక్రవారం మందార ఎనిమిదింటికే బయల్దేరింది. పదయింది. పదకొండయింది. కొంగలు ఒంటికాలి మీద నిలబడి కునికిపాట్లు పడ్డాయి. పన్నెండింటికి పెద్ద కొంగ కళ్లు తెరిచి, పిల్ల రాకపోతే పోనీ, విభాగమైనా చూపించమంది.

విభాగానికి తాళం వేసి ఉంది. తాళంచెవి కాకి దగ్గరుంది. దిగ్గజరావు తొండం చాపితే కాకి అందులో ఒక ఫారం పెట్టింది.

"నేను ప్రిన్సిపాల్‌ని," అన్నాడు దిగ్గజరావు.

"అందుకేనండీ మీకు ఒక్కటే. ఇందులో సంతకం పెట్టి, ఆ సంతకం మీదేనని మూడో ఆఫీసులో రాయించుకు రండి. ఇవాళ శుక్రవారం, మంగళవారం దాకా ఆగాలి."

కొంగలు ఆ మాట పొల్లుపోకుండా రాసుకున్నాయి. గ్రేడు అట్టడుగుకి జారింది. నక్క సాయంత్రానికల్లా బోర్డు తిప్పేసింది.

కూతురు చేరలేదని తెలిసి నాగరత్నం వాగు పొడుగునా వెతుక్కుంటూ వెళ్లింది. మందార కూర్మయ్య మాస్టారి అరుగు మీద ఉంది. కాలేజీకి వెళుతూ నీళ్లలో ఏదో చూసి ఆగిందట, అలా అలా ఇక్కడికి వచ్చేసిందట. ఎవరూ తిట్టలేదట. పక్కన ఒక ముసలి బాతు ఊరికే కూర్చుని ఈకలు దువ్వుకుంటోంది.

"అమ్మా, నీళ్లలో చూసింది రాసి, ఇచ్చేశాను," అంది మందార. మాస్టారి చేతిలో నిజంగానే ఒక కాగితం ఉంది. దాని మీద మందార పేరు కూడా ఉంది.

నాగరత్నం కళ్లు తుడుచుకుని, ఇక్కడ చేరాలంటే ఏమేం నింపాలని అడిగింది.

"పొద్దున్నే పిల్ల కడుపు నింపి పంపండి," అన్నాడు మాస్టారు. "మిగతావి మెల్లగా చూసుకుందాం."

చుట్టాలు గేటు ఎంతుందని అడిగితే, లేదని చెప్పేసింది నాగరత్నం. ఒకటి రెండు రోజులు మొహం ముడుచుకుని వాళ్లే మరిచిపోయారు.

దిగ్గజరావు మాత్రం జరిగినదాని గురించి బాగా ఆలోచించాడు. సహాయ విభాగం దాకా చేరలేకపోయే విద్యార్థులకి సహాయపడడానికి ఇంకో విభాగం పెట్టాడు. దానికి ఇరవై ఒక్క ఫారాలు.

నీతి: సాయం కావాలంటే, ముందు సాయం అక్కర్లేనంత సమర్థత సంపాదించుకోవాలి.