మామగారి ఆరు డిగ్రీలు

ఆ ఉదయం కార్ల ఏసీ మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటిలోపు ఒక కారుకి గ్యాసు గొట్టం మార్చడం, పదకొండుకల్లా షెడ్డు ఊడ్చి చేతుల గ్రీజు వదిలించుకోవడం, పన్నెండింటికి ఉతికిన చొక్కాతో వాతావరణ కార్యాలయం అధికారికి ఎదురెళ్ళడం. ఆ ఆఫీసు నాలుగు జీపుల ఏసీ పని ఎవరికివ్వాలో ఆ అధికారి స్వయంగా చూసి తేల్చుకుంటాడట. ఆ నాలుగు జీపులూ దక్కితే, ఎండలు తగ్గాక వచ్చే ఖాళీ నెలల్లో మెకానిక్ ఈగలు తోలుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఎనిమిదింటికి మామగారు వచ్చారు.

ఆయన ఆ కార్యాలయంలోనే ముప్పై అయిదేళ్ళు ఎండా వానా కొలిచి రిటైరైన మనిషి. అధికారి ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు వస్తున్నదీ ఆయన మాట మీదే. మామగారు ఈమధ్యే కొన్న పాత కారు దిగారు. చేతుల్లో, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు, చెక్కపలకకి బిగించిన థర్మామీటరు ఉంది. వెనకసీట్లోంచి శాలువా కప్పుకుని అత్తగారు దిగారు.

"అల్లుడూ, నీ కారు అబద్ధాలాడుతోందయ్యా."

"నా కారేంటి మామగారూ?"

"నువ్వు బాగుందంటేనేగా కొన్నాను? బయట ఇరవై ఏడు డిగ్రీలంటోంది. ఇదేమో ముప్పై మూడు. చూసుకో."

ముప్పై ఏళ్ళుగా ఆ థర్మామీటరు మామగారి ముందుగదిలో గోడకి వేలాడుతూ ఆ ఇంటిని ఏలుతోంది. ఫ్యాను ఎంత తిరగాలో, కిటికీ ఎప్పుడు తెరవాలో అదే చెప్పేది. అత్తగారు "చలేస్తోందండీ" అంటే ఆయన పలక వైపు చూసి, "ముప్పై ఒకటి. నీది చలి ఒళ్ళు, అంతే" అనేవారు. చుట్టాలంతా ఆ మాటే ఖాయం చేశారు. మెకానిక్ కూడా పెళ్ళయిన ఏడాదిలోనే ఒప్పేసుకున్నాడు.

బయటి వేడిని చూసే సెన్సారు ముందు బంపరు వెనకాల ఉంటుంది. మెకానిక్ బంపరు విప్పాడు. విప్పడంలో రెండు క్లిప్పులు విరిగాయి. కొత్త సెన్సారు పెట్టాడు. ఇరవై ఏడే చూపించింది. థర్మామీటరు ముప్పై మూడంది.

"డొక్కు సరుకు అంటగట్టారు నీకు," అన్నారు మామగారు జాలిగా.

స్కానరు తగిలించి కారు లోపలి సెన్సారు ఏమంటోందో చూశాడు. స్టీరింగు పక్కన చిన్న జాలీ వెనక దాక్కుని ఉండే ఆ సెన్సారు లోపల ఇరవై అయిదంది. మామగారు థర్మామీటరు లోపల పెట్టి అయిదు నిమిషాలు ఊపిరి బిగబట్టారు. ముప్పై ఒకటి.

"చూశావా? రెండూ దొంగలే!"

గొట్టం కోసం వచ్చిన కారు కూడా అదే రకం. సరిచూసుకుందామని దాని సెన్సారు పీకి ఇందులో పెట్టాడు. మళ్ళీ ఇరవై అయిదే. ఇప్పుడు షెడ్డులో రెండు కార్లు విప్పదీసి ఉన్నాయి. ఆ కారాయన ఫోన్ చేసి "అయిందా?" అని అడిగాడు. "అవుతోందండీ," అన్నాడు మెకానిక్. ఏమవుతోందో అతనికే తెలియదు.

షెడ్డులో బిల్లులు చూసే అతని భార్య మెల్లగా పక్కకొచ్చింది. "ఏవండీ, నాలుగు సెన్సార్లూ ఒకే లెక్కన ఆరు తక్కువ చెబుతున్నాయంటే, తప్పు..."

"ష్! మీ నాన్న వింటారు."

ఆ అనుమానం తొమ్మిదింటికే అతనికీ వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే మింగేశాడు. ఒకప్పుడు తోడల్లుడు నవ్వుతూ "ఇది సరిగ్గానే చూపిస్తుందా మామగారూ?" అని అడిగిన పాపానికి, ఇప్పటికీ అతని పేరెత్తితే చాలు, "ఎవరూ, ఆ సందేహాలాయనా?" అంటారు మామగారు.

కాబట్టి మెకానిక్ సెన్సార్లన్నిటికీ కలిసి ఉండే ఎర్తు తీగనే అనుమానించాల్సి వచ్చింది. దాన్ని చేరుకోవాలంటే డాష్‌బోర్డు మొత్తం దించాలి. దించాడు. అత్తగారు ఎవరూ అడక్కుండానే పక్కన స్టూలు వేసుకుని, అతను విప్పిన మరలన్నీ ఒక డబ్బా మూతలో వరసగా పేర్చుతూ కూర్చున్నారు. ఆ పూటకి అతనికి దొరికిన సుఖం అదొక్కటే. ఎర్తు తీగ మాత్రం కొత్త పైసలా మెరుస్తోంది.

"వాడు పన్నెండింటికి ఠంచనుగా వస్తాడు. కారు ఇలా పేగులు బయటపెట్టుకుని ఉంటే నేనేం మొహం పెట్టుకోను?" అన్నారు మామగారు.

అప్పటికి పదకొండయింది. మెకానిక్ ఇరవై ఏళ్ళ వృత్తిలో ఎన్నడూ చెయ్యని పనికి దిగాడు. ఆ సెన్సారు వేడెక్కేకొద్దీ కరెంటుకి అడ్డు తగ్గించుకుంటుంది. దాని తీగల మధ్య గింజంత రెసిస్టరు ఒకటి అతికిస్తే కరెంటుకి పక్కదారి దొరికి, అడ్డు మరికాస్త తగ్గి, కారు తాను నిజంకన్నా వేడిగా ఉన్నాననుకుంటుంది. లోపలి దానికొకటి, బయటి దానికొకటి అతికించాడు. అంకెలు ఆరేసి పెరిగాయి.

మామగారు థర్మామీటరు వైపు, డాష్‌బోర్డు వైపు మార్చి మార్చి చూసి అల్లుడి భుజం తట్టారు. "ఇప్పుడు నిజం చెబుతోందయ్యా!"

డాష్‌బోర్డు ఎక్కించాక మూతలో మర ఒక్కటీ మిగల్లేదు. అతని వృత్తిలో అదీ మొదటిసారే.

అధికారి ఠంచనుగా వచ్చాడు. మామగారు అతన్ని ముందు సీట్లో, అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని, ఏసీ ఇరవై నాలుగుకి పెట్టి ఊరు చుట్టి రావడానికి బయల్దేరారు. ఆపడానికి మెకానిక్ చెయ్యెత్తేసరికే కారు మలుపు తిరిగింది.

అరగంటకి తిరిగొచ్చిన కారు అద్దాలకి బయటంతా చెమట పట్టి ఉంది. అధికారి తుమ్ముతూ దిగాడు. అత్తగారు శాలువా మీద కాళ్ళకింది పట్టా కూడా కప్పుకున్నారు. మామగారి పెదాలు నీలంగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఖ... ఖచ్చితంగా ఇరవై నాలుగు! దారంతా అర డిగ్రీ తేడా లేదు!"

"మాస్టారూ," అంటూ అధికారి జేబులోంచి చిన్న మీటరు తీశాడు. "నాది పద్ధెనిమిదంటోందండీ."

"నీది చెడిపోయుంటుంది."

సరిగ్గా ఆ సమయానికే మెకానిక్ భార్య ఐసుముక్కలు వేసిన నిమ్మరసం పట్టుకొచ్చింది. గ్లాసు చూడగానే ముగ్గురూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆమె వాళ్ళ మొహాలు చూసింది, తండ్రి చేతిలో పలక చూసింది. లోపలికెళ్ళి, గిన్నెనిండా కరుగుతున్న ఐసు తెచ్చి, థర్మామీటరు బుడ్డి అందులో ముంచింది.

పాదరసం దిగింది, దిగింది, ఆరు దగ్గర ఆగింది. ఐసులో ఎంత చూపించాలో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"మాస్టారూ, ఇది ఆఫీసులో ఎప్పుడూ వాడలేదు కదా?" అన్నాడు అధికారి బెదురుగా.

"ఇంటిదేనయ్యా," అన్నారు మామగారు. అధికారి ఊపిరి పీల్చుకున్నాడు. మామగారు మాత్రం పలకనే చూస్తూ, "కొన్న రోజు సరిచూశాను. సున్నా అంటే సున్నాయే చూపించింది," అని గొణిగారు.

అత్తగారు పట్టా మడిచి పక్కన పెట్టారు. "అమ్మాయి పుట్టిన ఏడాది దులుపుతుంటే కింద పడిందండీ. గాజుగొట్టం అంకెల పలక మీంచి జారింది. నేనే అటూ ఇటూ నెట్టి, అందాజుగా బిగించాను."

"ముప్పై ఏళ్ళు! అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు ఊరుకునేవారా? ఆలోచించుకుంటే చలే నయమనిపించింది."

ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. మెకానిక్ ఇక దాచి లాభం లేదని ఆ రెండు రెసిస్టర్ల సంగతీ చెప్పేశాడు. "సెన్సార్లు మొదట్నుంచీ సరిగ్గానే ఉన్నాయండీ. మామగారి మాట కాదనలేక నేనే చెడగొట్టాను."

అధికారి మూడుసార్లు తుమ్మి, ముక్కు తుడుచుకున్నాడు. "పెద్దాయన కోసం అంకె మార్చేవాళ్ళు మా ఆఫీసులో బోలెడుమంది ఉన్నారు. మార్చానని ఒప్పుకున్నవాణ్ణి ఇవాళే చూశాను. సోమవారం జీపులు పంపిస్తాను. కానీ నేనడిగినా అంకె మార్చకూడదు, తెలిసిందా?"

సాయంత్రానికి రెసిస్టర్లు ఊడొచ్చాయి, గొట్టం కారు దాని యజమానిని చేరింది. ఇంటికి బయల్దేరేటప్పుడు మామగారు ఏసీ మీట మీద చెయ్యి పెట్టి ఆగారు. వెనక్కి తిరిగి, "నీకెంత పెట్టమంటావు?" అని అత్తగారిని అడిగారు. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఆ ప్రశ్న ఎప్పుడూ వినలేదు. శాలువా తీసి పక్కన పెట్టి, "కట్టేసి, అద్దాలు దించండి," అన్నారు.

థర్మామీటరు ఇప్పటికీ ఆ గోడకే ఉంది. దాని పలక అడుగున మామగారు పెన్సిలుతో 'ఆరు తీసేసి చదవవలెను' అని రాశారు. అల్లుడికి క్షమాపణ కూడా రాద్దామనుకున్నారట గానీ, పలక మీద చోటు చాలలేదట.