జూరకాన్ ఒంటరి పరీక్ష

ఆ రోజు జూరకాన్ పెట్టుకున్న పని ఒక్కటే. గుడారం వీపున వేసుకుని కొండెక్కాలి, ఏటి రెండో మలుపు దగ్గర ఒక రాత్రి ఒంటరిగా గడపాలి, మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. అలా చేస్తే కొండ గైడ్ల సంఘం ఆమెకు గైడు బిళ్ళ ఇస్తుంది. మధ్యలో ఎవరి సాయం తీసుకున్నా పరీక్ష పోయినట్టే.

ముప్ఫై ఏళ్ళుగా ఆమె కొండ కింద యాత్రికులకు రొట్టెలు కాల్చిపెడుతోంది. ఆ రొట్టెలు తిని, నిన్నగాక మొన్న మీసాలొచ్చిన కుర్ర గైడ్ల వెంట వాళ్ళు కొండెక్కడం, వానలో తడిసి ముద్దయి దిగడం చూస్తూనే ఉంది. "మబ్బు చూసుకుని నడవండిరా" అని ఒకరోజు చెబితే, "నువ్వు పొయ్యి చూసుకో పిన్నీ" అని ఆ కుర్రాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకు ఆమె ఒళ్ళు మండింది. మర్నాడే వెళ్ళి పరీక్షకు పేరిచ్చింది. అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్ళు.

కొండకు వెళ్ళేవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పి మరీ కదలాలన్నది సంఘం మొదటి నియమం. జూరకాన్ నియమం ప్రకారం మొగుడికి చెప్పింది.

"ఏటి రెండో మలుపు, ఎడమ గట్టు పైన. రేపు మధ్యాహ్నం దాకా నా జోలికి రావద్దు. అప్పటికీ రాకపోతే వెతకండి. వింటున్నారా?"

"ఊఁ" అన్నాడు సతార్‌కుల్. ఆయన నోట్లో రొట్టె ఉంది. లేనప్పుడు కూడా ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఆమె అలా వెళ్ళిందో లేదో, సతార్‌కుల్ అక్క బాత్మా పాల కోసం వచ్చింది.

"నీ పెళ్ళామేదిరా?"

"కొండకెళ్ళింది."

"ఎవరితో?"

"ఒక్కతే."

"పక్కబట్టలు పట్టుకెళ్ళిందా?"

"ఊఁ."

"ఎప్పుడొస్తానంది?"

"తన జోలికి రావద్దంది."

ఆ లోయలో పెళ్ళయిన ఆడది పక్కబట్టలు మూటగట్టి ఒక్కతే గడప దాటిందంటే అలిగి పోయిందనే అర్థం. అలిగినామెను తీసుకురావడానికి ఒక పద్ధతి ఉంది. మొగుడి తరఫు పెద్దలు ఒక గొర్రెను తోలుకెళ్ళి, అక్కడే కోసి వండి, తినిపించి బతిమాలాలి. బాత్మా పాలగిన్నె కింద పెట్టి గుండెలు బాదుకుంది.

"బంగారంలాంటి పిల్లని కొండలపాలు చేశావు కదరా!"

"పరీక్షక్కా..."

"అవునురా, ఇన్నాళ్ళూ నీతో కాపురం చెయ్యడమే దానికి పెద్ద పరీక్ష!"

సతార్‌కుల్ రెండో మాట వెతుక్కునేలోగా, బాత్మా ఇద్దరు ముసలమ్మల్ని పోగేసి, గొర్రెను కట్టించి, తమ్ముణ్ణి గుర్రమెక్కించింది.

ఈలోగా పైన జూరకాన్‌కు షర్షెన్ అనే గొర్రెల కాపరితో పెద్ద గొడవే అవుతోంది. దారిలో అతని యుర్తా, అంటే ఉన్ని డేరా, ముందు ఆగి, మర్యాద కోసం రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకోవడమే ఆమె చేసిన తప్పు. అక్కడ రొట్టె తుంచినవాళ్ళు ఆ ఇంటి అతిథులైపోయినట్టే. ఆమె ఎత్తయిన గట్టు చూసి గుడారం వేసుకోగానే, అతను ఉన్ని దుప్పటీ టీ కెటిలూ పట్టుకుని పైకొచ్చాడు.

"మా ఇల్లు కళ్ళెదురుగా ఉండగా నువ్వు గుడ్డ కింద పడుకుంటే, రేపు నేను తలెత్తుకు తిరగాలా అక్కా?"

"నీ తల కోసం నేను పరీక్ష తప్పాలా? ఆ కెటిల్ ఇక్కడ దించావంటే ఏట్లోకి విసిరేస్తా!"

"నీకు సాయం ఎవరు చేస్తున్నారు? నా టీ నేను తాగుతున్నా. నీ పక్కన కూర్చుని తాగుతున్నా, అంతే" అని అతను అక్కడే చతికిలబడ్డాడు.

సాయంత్రానికి గొర్రెతో సహా బాత్మా బృందం దిగింది. వండుకోవడానికి నీళ్ళు దగ్గరగా ఉంటాయని సరిగ్గా ఏటి ఇసుకలో మకాం పెట్టారు. జూరకాన్ మంచుకొండ వైపు చూసింది. అక్కడ మబ్బు నల్లగా కమ్ముకుంది. పొద్దున తెల్లగా పారిన నీళ్ళు ఎర్రబడుతున్నాయి.

"వదినా, అక్కణ్ణించి లేవండి! పైన వాన పడుతోంది, ఏరొస్తుంది!" అని ఆమె గట్టు మీంచి అరిచింది.

"చూశారా, కోపం ఇంకా తగ్గలేదు. బతిమాలరా, మొద్దులా చూస్తావేం!" అని బాత్మా తమ్ముణ్ణి ముందుకు తోసింది.

"పద, పోదాం" అన్నాడు సతార్‌కుల్ గట్టు కేసి చూస్తూ. ఆయనకు చేతనైన బతిమాలడం అదే.

ఆయన ఆ మాట పూర్తిచేశాడో లేదో ఏరు పొంగింది. గుర్రాలు తాళ్ళు తెంపుకుని ఇంటిదారి పట్టాయి. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చేసరికి ముసలమ్మలు ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని ఏడుపు మొదలెట్టారు. జూరకాన్ తాడు ఒక కొస బండకు కట్టి, రెండో కొస నడుముకు చుట్టుకుని దిగింది. తాడు పట్టుకోబోయిన షర్షెన్‌ను కసిరి అవతలికి పంపింది.

"నన్నెవరూ పట్టుకోవద్దు! నేనే మిమ్మల్ని పట్టుకుంటా. మూటలొదిలెయ్ వదినా, ప్రాణం కంటే పంచదార ఎక్కువా?"

ముసలమ్మల్ని ఒక్కొక్కరినే లాగింది. బాత్మాను లాగింది. సతార్‌కుల్‌ను కాలరు పట్టి ఈడ్చింది. ఆయన పట్టుకున్న గొర్రె కూడా గట్టెక్కింది. అప్పుడే ఉరిమింది. అందరూ గట్టు మీదున్న ఒంటి చెట్టు కిందకి పరిగెత్తబోతే, "పిడుగు మీద పడాలా? ఆ పల్లంలో గొంతుక్కూర్చోండి!" అని వెనక్కి తోలింది. ఉరుములు ఆగాక గుడారంలోకి రానిచ్చి, పొయ్యి వెలిగించబోయిన షర్షెన్ చేతి మీద ఒక్కటి వేసింది. "మూసిన గుడారంలో పొగపెట్టి చంపుతావా?" తన పొడి మేజోళ్ళు వదిన కాళ్ళకు తొడిగింది. ఒక్క మనిషి పట్టే గుడారంలో ఆరుగురు మనుషులూ ఒక గొర్రే తెల్లవార్లూ కూర్చున్నారు. పరీక్ష గంగలో కలిసిందని ఆమెకు ఏడుపొచ్చింది, కానీ అంత ఇరుకులో ఏడవడానికి మనసొప్పలేదు.

పొద్దున్నే సంఘం తరఫున ఎర్మెక్ వచ్చాడు. గుడారంలోంచి ఒకరి తర్వాత ఒకరు బయటికి రావడం చూసి నోరు తెరిచాడు.

"ఇదేంటి పిన్నీ? ఎవరూ సాయం రాకూడదని కదా!"

జూరకాన్ నోరు విప్పేలోగా బాత్మా అడ్డొచ్చింది. "రాకుండా ఎలా ఉంటాం? మా ఇంటి కోడల్ని అడవిలో వదిలేస్తామా? రాత్రంతా మేమే కదా కాపాడుకున్నాం!"

ముసలమ్మలు అవునవునని తలలూపారు. అప్పుడు సతార్‌కుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అబద్ధం. నన్ను కుక్కపిల్లలా కాలరు పట్టి లాగింది. మా అక్కని కూడా. మేమెవరం వేలు కూడా కదపలేదు. ఆవిడ లేకపోతే ఇవాళ నువ్వు మమ్మల్ని ఏట్లో వెతుక్కునేవాడివి."

అన్ని మాటలు ఆయన నోట ఒక్కసారే రావడం జూరకాన్ ఎన్నడూ వినలేదు. ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఎర్మెక్ తల గోక్కున్నాడు. "సాయం తీసుకోలేదు, ఒప్పుకుంటా. కానీ ఒంటరిగా లేరుగా. నియమం నియమమే."

"ఈ లోయలో ఒంటరిగా పడుకోవడం కంటే వరదలోంచి మనుషుల్ని లాగడం తేలిక" అంది జూరకాన్. "కావాలంటే ఇవాళ నువ్వు పడుకో, ఎంతమంది వస్తారో నేను కింద కూర్చుని చూస్తా. వచ్చే వారం మళ్ళీ రమ్మంటే మళ్ళీ వస్తా. ఆ పై వారం కూడా వస్తా. బిళ్ళ తీసుకోకుండా మాత్రం పొయ్యి దగ్గరికి పోను!"

తమ్ముడి మాటలకు అప్పటిదాకా తలదించుకున్న బాత్మా చివ్వున లేచింది. "ఏరా ఎర్మెక్, ఒంటరి అంటున్నావు? నీ పరీక్ష నాడు మీ అమ్మ ఆ బండ వెనక్కి మాంసం గిన్నె మోసుకు రాలేదూ? చలేస్తోందని నువ్వు ఆమె ఒళ్ళో పడుకోలేదూ? టీ పోసింది నేనే కదరా!"

ఎర్మెక్ చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి బిళ్ళ తీసి జూరకాన్ చేతిలో పెట్టాడు.

ఇకపై ఈ పరీక్ష అభ్యర్థికి చుట్టాలెవరూ లేని లోయలోనే పెట్టాలని ఆ నెలలోనే సంఘం తీర్మానించింది. అలాంటి లోయ కోసం ఇంకా వెతుకుతున్నారు.